మారుమనస్సు, విశ్వాసము: క్రైస్తవ పరిభాషలో రెండు పదముల విచారము

క్రైస్తవ బోధలో మారుమనస్సు, విశ్వాసము అను రెండు పదములు తఱచుగా జంటగానే వినబడును. మార్కు సువార్త మొదటి అధ్యాయమున యేసు చేసిన తొలి ప్రకటనములో ఈ రెండును ఒకే వాక్యమున ఇమిడియున్నవి. ఎఫెసు సంఘపు పెద్దలకు పౌలు చెప్పిన వీడ్కోలు మాటలలోను, హెబ్రీయులకు వ్రాయబడిన పత్రిక ఆరవ అధ్యాయారంభమునను ఇవి ప్రక్కప్రక్కనే నిలిచినవి. తెలుగు సాహిత్య విద్యార్థులలో పెక్కురు మొదటిదానిని పశ్చాత్తాపమునకు పర్యాయపదముగను, రెండవదానిని నమ్మకమునకు సంస్కృత రూపముగను భావించి ముందునకు సాగిపోవుదురు. జాషువ ‘క్రీస్తు చరిత్ర’ను గాని, పురుషోత్తమ చౌదరి (1803–1890) కీర్తనలను గాని పాఠముగా చెప్పువారికి ఈ సమీకరణము చాలదని మా యభిప్రాయము. ఏలయన, 16వ శతాబ్దమున పాశ్చాత్య క్రైస్తవ సంఘము చీలిపోవుటకు గల ముఖ్య కారణములలో ఈ రెండు పదముల అర్థవివాద మొకటి. ఒక్క మాటను లాటిను భాషలోనికి ఎట్లు తేవలెనను ప్రశ్న ఒక మహాసంస్థ యొక్క ఆచారములను కదలించినది. ఈ వ్యాసమున మేము మతసత్యమును నిర్ణయింప బూనుకొనలేదు. పదముల చరిత్రను, వాని వెనుకనున్న తర్కమును, అవి తెలుగున దాల్చిన రూపమును మాత్రము పరిశీలింతుము.

క్రొత్త నిబంధన గ్రీకు భాషలో వ్రాయబడినది. మారుమనస్సు అని తెలుగున చెప్పబడుచున్న దానికి మూలపదము ‘మెటనోయియా’. ‘మెటా’ అను ఉపసర్గమునకు తరువాత యనియు, మార్పు అనియు అర్థములు కలవు. ‘నూస్’ అనగా బుద్ధి. తరువాతి తలపు, మారిన తలపు అని పదార్థము. ఈ పదము క్రైస్తవుల సృష్టి కాదు. అంతకు ముందే లోకవ్యవహారమున నున్నది. గ్రీకు చరిత్రకారుడైన థుసిడిడీస్ చెప్పిన యొక వృత్తాంతము దీని స్వభావమును చక్కగా తెలుపును. క్రీ.పూ. 427లో ఏథెన్సువారు తమపై తిరుగుబాటు చేసిన మిటిలేనె నగరమును లోబఱచుకొని, అచటి వయోజనులైన పురుషుల నెల్లరను చంపవలెననియు, స్త్రీలను పిల్లలను బానిసలుగా చేయవలెననియు తీర్మానించి, ఆ యాజ్ఞతో ఒక యోడను పంపిరి. మఱునాడే ఆ తీర్మానము మిగుల క్రూరమైనదని వారికి తోచెను. సభ మరల కూడెను. వాదోపవాదములు జరిగి, కొలది యాధిక్యముతో మొదటి తీర్మానము రద్దయ్యెను. వెంటనే రెండవ యోడ బయలుదేరెను. దాని నావికులు తెడ్లు వేయుచునే తినుచు, వంతులవారీగా నిద్రించుచు రాత్రింబగళ్లు సాగి, ఆజ్ఞ అమలు కానున్న సమయమునకు చేరి ఆ వధను ఆపిరి. ఏథెన్సు ప్రజలలో మఱునాడు పుట్టిన ఆ భావమునకు థుసిడిడీస్ వాడిన పదము మెటనోయియాయే.

ఇచట దేవుడు లేడు, పాపమను భావము లేదు, కన్నీటి ప్రసక్తి అసలే లేదు. నిన్నటి నిశ్చయమును నేటి బుద్ధి త్రోసివేసినది, అంతియే. అయినను ఆ త్రోపుడు మనస్సులోనే నిలిచిపోలేదు. మొదటి యోడ వెంట రెండవ యోడ పోయినది. బుద్ధి మాఱుట, దానిని వెంబడించి పని మాఱుట అను రెండంశములును ఈ పదమున మొదటినుండియు ఉన్నవని గుర్తింపవలెను.

యేసు శిష్యులు గ్రీకు మాటను వాడినను వారి భావములు హీబ్రూ ప్రవక్తలవి. హీబ్రూ భాషలో ఈ భావమునకు ముఖ్యమైన ధాతువు ‘షూబ్’. దీనికి అర్థము మిక్కిలి సామాన్యము: తిరుగు, మరలు, వెనుకకు వచ్చు. పాత నిబంధనలో వేయిసార్లకు మించి వచ్చిన ఈ ధాతువు అధికభాగము బాటసారులు, సైన్యములు, పశువులు మరలివచ్చుటనే చెప్పును. హోషేయ, యిర్మీయా మొదలగు ప్రవక్తలు ఆ బాటమాటనే తీసికొని, యెహోవాను విడిచి దూరముగా పోయిన జనము మరలి రావలెనని పిలిచిరి. దీనిలో ప్రధానమైనది మనోవేదన కాదు, దిక్కు. దారి తప్పినవాడు ఎంత దుఃఖించినను వెనుకకు తిరుగనంతవఱకు ఇల్లు చేరడు. మనోవేదనకు వేఱొక ధాతువు కలదు, అది ‘నాహమ్’. దుఃఖించుట, ఓదార్పు పొందుట, చేసిన నిర్ణయమును మరల్చుకొనుట అను అర్థములు దీనికి కలవు. వింతయేమనగా, ఈ రెండవ ధాతువు పలుచోట్ల దేవునికే అన్వయింపబడినది. నీనెవె పట్టణపువారు తమ చెడునడతనుండి మరలినప్పుడు దేవుడు తాను చేయదలచిన కీడును గూర్చి మనస్సు మరల్చుకొనెనని యోనా గ్రంథము చెప్పుచున్నది. మనుష్యులు ‘షూబ్’ చేయగా దేవుడు ‘నాహమ్’ చేసినాడన్నమాట.

పాత నిబంధనను గ్రీకు భాషలోనికి తెచ్చిన అలెగ్జాండ్రియా యూదులు ‘షూబ్’ అను దానిని సామాన్యముగా ‘ఎపిస్ట్రెఫో’ (వెనుకకు తిరుగు) అను క్రియతోను, ‘నాహమ్’ అను దానిని కొన్నిచోట్ల మెటనోయియాకు సంబంధించిన క్రియతోను అనువదించిరి. కాని క్రొత్త నిబంధన కాలమునకు మెటనోయియా అను పదము ‘షూబ్’ యొక్క బరువునంతయు తన మీద వేసికొనినది. బుద్ధి మార్పును తెలుపు గ్రీకు పదమున దారి మార్పును తెలుపు హీబ్రూ భావము ప్రవేశించినది. లూకా సువార్త మూడవ అధ్యాయమును చూడుడు. బాప్తిస్మమిచ్చు యోహాను మెటనోయియాకు తగిన ఫలములను అడుగగా, జనులు తామేమి చేయవలెనని ప్రశ్నింతురు. రెండు అంగీలు గలవాడు లేనివాని కొకటి ఇయ్యవలెననియు, సుంకరులు నిర్ణీతమైన దానికంటె ఎక్కువ వసూలు చేయరాదనియు, సైనికులు ఎవరిని బెదరించి సొమ్ము గుంజరాదనియు, తమ జీతముతో తృప్తి పడవలెననియు అతని సమాధానము. ఉపవాసము, గోనెపట్ట, బూడిద ఇచట కనబడవు. అంగీ, పన్ను, జీతము మాత్రమే కనబడుచున్నవి.

మెటనోయియాకు దగ్గఱి చుట్టమువంటి పదము మఱొకటి గ్రీకున కలదు: ‘మెటమెలొమాయి’. తాను చేసినదానిని తలచుకొని వెనుక నొచ్చుకొనుట అని దీని యర్థము. మన పశ్చాత్తాపమను సంస్కృత పదమునకు (పశ్చాత్ – వెనుక, తాపము – వేదన) ఇది యించుమించుగా సరిపోవును. మత్తయి సువార్త 27వ అధ్యాయమున ఇస్కరియోతు యూదా విషయమున వాడబడినది ఈ పదమే. ఈ ఘట్టము మా విచారమునకు కేంద్రమువంటిది గనుక దీనియొద్ద కొంత నిలువవలెను.

యూదా తన గురువును ముప్పది వెండి నాణెములకు అప్పగించెను. గురువునకు మరణశిక్ష విధింపబడుట చూచి యతడు పశ్చాత్తాపపడెను. ప్రధానయాజకుల యొద్దకు పోయి, తాను నిర్దోషిని అప్పగించి పాపము చేసితినని నోట ఒప్పుకొనెను. పుచ్చుకొనిన సొమ్మును తిరిగి యిచ్చివేసెను. దీనిలో లోపమేమున్నది? దుఃఖము కలదు, ఒప్పుదల కలదు, నష్టపరిహార ప్రయత్నము కూడ కలదు. అయినను యూదా ఉరివేసికొని మరణించెను; సంఘ మతనిని మారుమనస్సునకు ఉదాహరణముగా ఏనాడును చెప్పలేదు. అదే రాత్రి పేతురు తన గురువును ఎఱుగనని ముమ్మాఱు బొంకెను; కోడి కూయగానే వెలుపలికి పోయి యేడ్చెను. ఇతడు నోటితో ఏమియు ఒప్పుకొనినట్లు సువార్తలో లేదు, తిరిగి ఇచ్చుటకు చేతిలో సొమ్మును లేదు. అయినను ఇతడే సంఘమునకు నాయకుడయ్యెను. ఈ భేదమునకు సూత్రము లూకా సువార్త 22వ అధ్యాయమున దొరకును. అచట యేసు పేతురుతో, అతని విశ్వాసము తప్పిపోకుండునట్లు తాను ప్రార్థించితిననియు, అతడు తిరిగిన పిమ్మట సహోదరులను స్థిరపఱచవలెననియు చెప్పును. తిరుగుటకు ముందు విశ్వాసము మిగిలియున్నది. యూదా తన నేరమును చూచెను. పేతురు నేరముతో పాటు దానిని మన్నింపగల ముఖమును గూడ చూచెను. పశ్చాత్తాపమున విశ్వాసము చేరినచో మారుమనస్సగును. చేరనిచో అది నిరాశగా పరిణమించును. పౌలు కొరింథీయుల రెండవ పత్రిక ఏడవ అధ్యాయమున దుఃఖము రెండు విధములని చెప్పి, దైవానుసారమైనది మెటనోయియాకును లోకసంబంధమైనది మరణమునకును దారితీయునని విభజించినప్పుడు అతని మనస్సులో నున్న భేద మిట్టిదే.

ఇక లాటిను సంగతి. పశ్చిమ ఐరోపా గ్రీకును మఱచి వేయేండ్లు లాటిను బైబిలునే చదివినది. ఆఫ్రికాలోని కార్తేజి నగరవాసియైన తెర్తుల్లియను (2వ–3వ శతాబ్దములు) గ్రీకు పదము పాపము నొప్పుకొనుటనుండి గాక మనస్సు మాఱుటనుండి పుట్టినదని అప్పుడే గుర్తించెను. 4వ శతాబ్దారంభమున లక్తాంతియుసు ‘రెసిపిస్కెన్షియా’ (తిరిగి తెలివి తెచ్చుకొనుట) అను మాట మేలైనదని సూచించెను. కాని ప్రచారమునకు వచ్చినది ‘పెనిటెన్షియా’. జెరోము పరిష్కరించిన లాటిను బైబిలులో యోహాను పిలుపు ‘పెనిటెన్షియాను చేయుడి’ అను విధముగా నున్నది. ‘చేయుడి’ అను ఆ క్రియ ముఖ్యమైనది. చేయదగినది గనుక దానికి విధానమేర్పడినది, అంగములేర్పడినవి, కొలతలేర్పడినవి. హృదయదుఃఖము, గురువు చెవిలో పాపమును ఒప్పుకొనుట, విధింపబడిన దండన నెరవేర్చుట అను మూడంగములు గల సంస్కారమది. 1215లో నాలుగవ లాటెరను మహాసభ, ప్రతి క్రైస్తవుడును ఏటికొకమాఱైనను తన గురువునొద్ద పాపముల నొప్పుకొని తీరవలెనని శాసించెను.

మన ధర్మశాస్త్రములు చదివినవారికి ఇది కొత్తగా తోచదు. మనుస్మృతి పదునొకండవ అధ్యాయమున పాపవిమోచనమునకు ఖ్యాపనము (వెల్లడించుట), అనుతాపము, తపస్సు, అధ్యయనము, దానము అను సాధనములు చెప్పబడినవి. పాపము చేసి సంతాపమొందినవాడు దానినుండి విడువబడుననియు, మరల చేయనను నివృత్తిచేత శుద్ధుడగుననియు చెప్పిన వచనము కూడ అచటనే కలదు. తాపమునకును నివృత్తికిని భేదము పాటించిన ఆ స్మృతికర్త సూక్ష్మదృష్టి మెచ్చదగినది.

లాటిను అనువాదమును మొదట శాస్త్రీయముగా ప్రశ్నించినవాడు ఇటలీ పండితుడు లొరెంజో వాల్లా (మరణము 1457). అతని టిప్పణములను ఎరాస్మసు 1505లో అచ్చు వేయించెను. ఎరాస్మసు స్వయముగా 1516లో గ్రీకు క్రొత్త నిబంధనను తన లాటిను అనువాదముతో ప్రకటించి, 1519 నాటి రెండవ కూర్పున లక్తాంతియుసు మెచ్చిన పదమునకు సంబంధించిన క్రియను గ్రహించెను. నడుమ 1517లో మార్టిన్ లూథరు తన తొంబదియైదు ప్రతిజ్ఞావాక్యములను వెలువరించెను. వానిలో మొదటిది, క్రీస్తు కోరిన మారుమనస్సు విశ్వాసి జీవితమంతయు వ్యాపించునదని. రెండవది, ఆ మాటను గురువులు నడపు సంస్కారముగా అర్థము చేసికొనరాదని. వ్యాకరణ విషయమొకటి చరిత్రమార్గమును త్రిప్పినదనుటకు ఇంతకంటె ప్రబలమైన నిదర్శన మఱుదు. మఱుసటి యేట లూథరు తన పూర్వగురువైన స్టౌపిట్సునకు వ్రాసిన లేఖలో, తనకు చేదుగానున్న పెనిటెన్షియా అను మాట గ్రీకు మూలార్థము తెలిసిన పిదప మధురమైనదని భావము. కథోలిక సంఘమును మౌనముగా నుండలేదు. ట్రెంటు మహాసభ 1551లో ఆ సంస్కారమును, దాని మూడంగములను మరల స్థిరపఱచెను. హృదయము మాఱకయే క్రియ చాలునని ఆ సభ ఎన్నడును చెప్పలేదు. హృదయదుఃఖమునే అది మొదటి యంగముగా పెట్టినది. ప్రొటెస్టెంటు గ్రంథములనే చదివినవారు ఈ యంశమును విస్మరించుట కలదు.

విశ్వాస విషయమునకు వత్తము. హీబ్రూలో దీనికి మూలము ‘అమన్’ అను ధాతువు. ప్రార్థనాంతమున పలుకు ‘ఆమెన్’ దీనినుండియే పుట్టినది. దీని మూలార్థము స్థిరత్వము. శిశువును చేతులలో నెత్తి పెంచు దాదికిని, ద్వారబంధమునకును ఈ ధాతువునుండియే పేర్లు వచ్చినవి. నిర్గమకాండము 17వ అధ్యాయమున అమాలేకీయులతో యుద్ధము జరుగునప్పుడు మోషే చేతులు బరువెక్కగా ఇరువురు ఇరుప్రక్కల నిలిచి వానిని ఎత్తిపట్టిరి. సూర్యాస్తమయము వఱకు అతని చేతులు ‘ఎమూనా’గా ఉండెనని మూలము. ఇచట ఎమూనా అనగా కదలనితనము. ఇదే మాట హబక్కూకు ప్రవచనమున నీతిమంతుని జీవమునకు ఆధారముగా చెప్పబడగా, గ్రీకువారు దానిని ‘పిస్టిస్’ అనిరి. పౌలు దానిని గ్రహించి రోమీయులకు వ్రాసిన పత్రికకు పునాదిగా వేసెను. గ్రీకున పిస్టిస్ అనగా నమ్మకము, నమ్మదగినతనము, ప్రమాణము. అరిస్టాటిలు అలంకారశాస్త్రమున వాదమును ఒప్పించు సాధనమునకు కూడ ఇదే పేరు. హీబ్రూ పదము స్థిరముగా నిలుచుటను చెప్పగా, గ్రీకు పదము ఒకరిపై ఆనుకొనుటను చెప్పుచున్నది.

ఆశ్చర్యకరమైన విషయమొకటి. విశ్వాసమును గూర్చియే వ్రాయబడినదా యనిపించు యోహాను సువార్తలో ‘పిస్టిస్’ అను నామవాచకము ఒక్కసారియైనను లేదు. విశ్వసించు అను క్రియ మాత్రము తొంబదిసార్లకు మించి కలదు. మెటనోయియా అను పదము నామముగా గాని క్రియగా గాని ఆ సువార్తలో కానరాదు. విశ్వాసమనునది కలిగియుండు వస్తువు కాదనియు, చేయుచుండవలసిన పనియనియు ఆ గ్రంథకర్త భావించెనని పెక్కురు పండితులు వ్యాఖ్యానించిరి. మారుమనస్సు అతని దృష్టిలో విశ్వసించుటలోనే యిమిడియున్నదని మేము చేర్చుదుము. చీకటినుండి వెలుగునకు వచ్చుట యను ఆ సువార్తలోని ప్రధానరూపకము ‘షూబ్’ కాక మఱేమి?

పౌలు అబ్రాహామును ఉదాహరించి, అతడు దేవుని నమ్మినందున నీతిమంతుడుగా ఎంచబడెననియు, ధర్మశాస్త్రక్రియలవలన గాదనియు వాదించెను. యాకోబు పత్రిక అదే అబ్రాహామును, అదే ఆదికాండ వచనమును గ్రహించి, అతడు కుమారుని బలిపీఠముపై నుంచిన క్రియవలన విశ్వాసము పూర్ణమైనదనియు, విశ్వాసమాత్రముచేత కాదనియు వాదించెను. ‘విశ్వాసమాత్రము’ అను కూర్పు క్రొత్త నిబంధనలో ఈ యొక్కచోటనే, అదియు నిషేధవాక్యమున వచ్చినది. లూథరు 1522లో ప్రకటించిన జర్మను క్రొత్త నిబంధనలో పౌలు వాక్యమున ‘మాత్రము’ అను మాటను చేర్చుటయు, యాకోబు పత్రికను గడ్డిపత్రిక యనుటయు ప్రసిద్ధములే. ఇరువురును ఒకే పదమును భిన్నార్థములలో వాడిరని గ్రహించినచో విరోధము చాలవఱకు శమించును. యాకోబు ఖండించినది దయ్యములకు కూడ గల విశ్వాసమును, అనగా దేవుడొక్కడే యను జ్ఞానమును. పౌలు పొగడినది వాగ్దానము చేసినవానిపై భారము వేయుటను. తరువాతి ప్రొటెస్టెంటు శాస్త్రకారులు విశ్వాసమును ఎఱుక, అంగీకారము, భారార్పణము అని మూడుగా విభజించిరి. మొదటి రెండు మాత్రమే యున్నది యాకోబు నిందించిన విశ్వాసము. ట్రెంటు సభ 1547లో విశ్వాసమును రక్షణకు ఆదిగను మూలముగను ఒప్పుకొనుచునే, ఆశయు ప్రేమయు దానితో కూడవలెనని నిర్ణయించెను. 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గు నగరమున లూథరను, కథోలిక ప్రతినిధులు ఈ విషయమున ఉమ్మడి ప్రకటనపై సంతకములు చేసిరి. నాలుగు శతాబ్దములకు మించిన వాదమునకు ఆమాత్రపు ముగింపైనను వచ్చుటకు పదార్థ విచారము తోడ్పడినదనుట సత్యము.

ఈ రెండింటిలో ఏది ముందు? 1530 నాటి ఆగ్స్‌బర్గు విశ్వాసప్రమాణము, పాపజ్ఞానమువలన కలుగు భయమొకటి, క్షమ కలదను విశ్వాసమొకటి అని మారుమనస్సునకే రెండంగములు చెప్పెను. కాల్విను వేఱుదారి త్రొక్కి, మారుమనస్సు విశ్వాసమునుండియే పుట్టుననియు, క్షమింపబడుదునని తెలియనివాడు దేవునివైపు తిరుగజాలడనియు వాదించెను. యూదా ఘట్టమును అతడు తన వ్యాఖ్యలో ఉపయోగించుకొనెను: మూడంగముల లెక్క ప్రకారము యూదా పశ్చాత్తాపమున లోపమేమియు చూపజాలరని అతని ఆక్షేపము. ఈ పౌర్వాపర్య చర్చకు లూకా సువార్త 15వ అధ్యాయము చక్కని గీటురాయి. అచట తప్పిపోయిన గొఱ్ఱె, పోయిన నాణెము, తప్పిపోయిన కుమారుడు అను మూడు ఉపమానములు కలవు. మొదటి రెండింటి చివర మారుమనస్సు పొందిన పాపిని గూర్చిన సంతోషము చెప్పబడినది. కాని గొఱ్ఱె ఏమి చేసినది? నాణెమేమి చేయగలదు? వెదకువాడే పనియంతయు చేసినాడు. మూడవ కథలో మారుమనస్సు అను పదమే లేదు. కుమారుడు తెలివి తెచ్చుకొని ఇంటిదారి పట్టును. తండ్రితో చెప్పవలసిన మాటలు ముందుగా కూర్చుకొనును; వానిలో తన్ను కూలివానిగా ఉంచుకొమ్మను మనవి చివరిది. తండ్రి దూరమునుండియే చూచి పరుగెత్తి వచ్చి ముద్దిడిన పిదప కుమారుడు తక్కిన మాటలు చెప్పెనే గాని, ఆ కూలి మాట చెప్పనేలేదు. కూలివాడు కావలెనను తలంపుతో బయలుదేరినది పశ్చాత్తాపము. దానిని నోటరాకుండ చేసినది తండ్రి యాలింగనము.

వైష్ణవ సంప్రదాయ గ్రంథములు చదివిన మనకు ఈ వాదము పరిచితమే. శరణాగతికి చెప్పిన ఆఱంగములలో అనుకూల సంకల్పమును, ప్రతికూల వర్జనమును మొదటివి. రక్షించునను విశ్వాసము వాని తరువాతిది. వదలుట, విశ్వసించుట అను రెండును ఇచట కూడ జంటగానే యున్నవి. జీవుని ప్రయత్నమెంత, భగవంతుని కృప యెంత అను విషయమున మర్కటకిశోర, మార్జాలకిశోర న్యాయములతో జరిగిన చర్చ ఐరోపాలోని చర్చకు దగ్గఱిపోలిక. రెండింటికి చారిత్రక సంబంధము కల్పింపనక్కఱలేదు. ప్రశ్న యొక్కటి యగుటచే సమాధానములును పోలియున్నవి. ఇంతియ గాక, విశ్వాసమను పదమునకు మిషనరీలు రాకమునుపే మన దేశమున మతపారిభాషిక గౌరవమున్నదని దీనివలన తెలియుచున్నది.

తెలుగు బైబిలు చరిత్రను విస్తరింప నిచట తావు లేదు. బెంజమిన్ షుల్జ్ 18వ శతాబ్ది పూర్వార్ధమున చేసిన అనువాదము అచ్చుకాలేదు. 1805లో విశాఖపట్టణమునకు వచ్చిన క్రాన్, డెస్ గ్రాంజెస్ అనువారు ఆనందరాయరను బ్రాహ్మణ క్రైస్తవుని తోడ్పాటుతో పని ప్రారంభించిరి. వారి కృషిలో మూడు సువార్తలు 1812లో శ్రీరామపురమున అచ్చయినవి. తరువాత పెక్కుచేతులు సవరించిన తెలుగు గ్రంథము నేడు వాడుకలో నున్నది.

ఆ గ్రంథమున అనువాదకులు మూడు భావములకు మూడు పదములను విడివిడిగా నియమించిరి. యూదా వేదనకు పశ్చాత్తాపము. లేవీయకాండములోని బలివిధులకు ప్రాయశ్చిత్తము. యోహాను, యేసుల పిలుపునకు మారుమనస్సు. లాటినువారు ఒక్క పెనిటెన్షియాతో సరిపెట్టుకొని కలవరపడినచోట తెలుగువారికి ఆ చిక్కు తప్పినది. ఇది సామాన్యమైన విజయము కాదు. మారుమనస్సు అనునది దేశ్యపదముతో తత్సమము కూడిన మిశ్రసమాసము. ‘మాఱు’ అను మాటకు తెలుగున మార్పు, ప్రతి, బదులు అను అర్థములు కలవు: మాఱుమాట, మాఱువేషము, మాఱుపేరు. కావున మాఱిన మనస్సు అని మాత్రమే గాక, పాతదానికి బదులుగా వచ్చిన మఱొక మనస్సు అనియు ధ్వని కలదు. మాఱువేషమువలె పైపైనిది అను అర్థము తోచుటకు గూడ అవకాశమున్నను, వాడుకలో ఆ దోషము నిలువలేదు. కథోలిక తెలుగు గ్రంథమున ‘హృదయపరివర్తనము’ అను సంస్కృత సమాసము వాడబడినది. పరివర్తనమునందు తిరుగుట యను ‘షూబ్’ భావము స్పష్టముగా నున్నదని దానికొక మెప్పు. అయినను సామాన్యుని నోట పలుకుటకు మారుమనస్సే తేలిక.

ఇక ‘పొందుడి’ అను క్రియ. గ్రీకున ఒక్క క్రియాపదముతో చెప్పిన ఆజ్ఞను తెలుగున ‘మారుమనస్సు పొందుడి’ అనిరి. లాటినున చేయవలసినదిగా నున్నది తెలుగున పొందవలసినదైనది. దేవుడే అన్యజనులకు మారుమనస్సును దయచేసెనని అపొస్తలుల కార్యములు 11వ అధ్యాయమున చెప్పబడిన భావమునకు ఇది యనుగుణమే. అయినను మన భాషలో శాంతి పొందు, తృప్తి పొందు, కీర్తి పొందు అనుచోట్ల ఈ క్రియ సహాయకమాత్రముగా నిలుచును గనుక, దీనిపై మితిమీరిన సిద్ధాంతభారము మోపుట తగదు.

విశ్వాసమునకు పోటీ పదములు లేకపోలేదు. శ్రద్ధ యనునది లాటిను ‘క్రెడో’కు సోదరపదము, హృదయమును ఉంచుట యని రెండింటికిని మూలార్థము. కాని తెలుగున శ్రద్ధ చదువుపై, పనిపై చూపు జాగ్రత్తగా మాఱిపోయినది. భక్తి పూజ్యభావమునే ప్రధానముగా చెప్పును. విశ్వాసము ‘శ్వస్’ ధాతువునుండి పుట్టినది: నిశ్చింతగా ఊపిరి పీల్చుకొనగల స్థితి. పైగా తెలుగున దీనికి కృతజ్ఞత, స్వామిభక్తి అను అర్థములు కలవు. కుక్కకు విశ్వాసమున్నదందుము, విశ్వాసఘాతుకుని నిందింతుము. పిస్టిస్ పదములోని రెండు ముఖములును, అనగా నమ్ముటయు నమ్మదగియుండుటయు, ఇట్లు ఒక్క మాటలో దొరకినవి. శాసనసభలలోని అవిశ్వాస తీర్మానము ఈ పదమునకు తరువాత పట్టిన గతి. అనువాదకులు అచ్చతెనుగు ‘నమ్ము’ను విడువలేదు, సువార్తను నమ్ముమని మార్కు మొదటి అధ్యాయమున, నమ్మకమైన దాసుడని మత్తయిలో వాడిరి. నమ్మినబంటు అను పలుకుబడిలో ఎవరు ఎవరిని నమ్మినారో విడదీయలేము గదా. పిస్టిస్ యొక్క ఇమిడిక అట్టిదే.

ఈ పదములు పుస్తకములలో గాక ఊళ్లలో పరీక్షకు వచ్చిన సందర్భమొకటి ఆంధ్రదేశ చరిత్రలో కలదు. అమెరికను బాప్తిస్టు సంఘమునకు చెందిన జాన్ ఎవరెట్ క్లౌ 1866లో ఒంగోలున స్థిరపడెను. అదే యేట మాదిగ కులజుడైన యఱ్ఱగుంట్ల పేరయ్య బాప్తిస్మము పొంది తనవారిలో బోధకుడయ్యెను. బాప్తిస్టులు విశ్వాసము నోట ఒప్పుకొనినవారికే బాప్తిస్మమిత్తురు. 1876–78 నాటి మహాక్షామమున క్లౌ బకింగ్‌హాము కాలువలో సుమారు మూడున్నర మైళ్ల త్రవ్వకమును గుత్తకు తీసికొని వేలమందికి పని కల్పించెను. బాప్తిస్మము కోరువారు పెరిగిరి. కోరిక మారుమనస్సువలన కలిగినదో ఆకలివలన కలిగినదో తేల్చుట యెట్లు? సహాయము నడచుచున్నంతకాలము బాప్తిస్మములు ఆపివేయుటయే అతడు చేసిన పని. ఏడాదికి పైగా ఒక్కరికిని ఈయలేదు. క్షామసహాయము ముగిసిన పిదప 1878 జూలై 3న గుండ్లకమ్మ యేటిలో వెల్లంపల్లియొద్ద ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. బియ్యమునకు చేరినవారను విమర్శ అప్పుడును తప్పలేదు. సహాయము నిలిచిన తరువాత జరిగినదను సమాధానమును అప్పుడే వచ్చినది.

మాకు ముఖ్యమైనది ఆ సంఖ్య కాదు, అచటి గ్రామములలో మారుమనస్సునకు ఏర్పడిన గుర్తులు. క్లౌ మరణానంతరము 1914లో వెలువడిన అతని ఆత్మకథాగ్రంథమున అవి మూడుగా చెప్పబడినవి: ఆదివారమున పని చేయరాదు, చచ్చిన పశువుల మాంసము తినరాదు, విగ్రహములను పూజింపరాదు. వీనిలో దుఃఖమునకు సంబంధించినదొక్కటియు లేదు. నాటి పల్లెలో చచ్చిన పశువు మాదిగవాని వంతు. తోలుపనియు, జాతరలలో డప్పు వాయించుటయు అతని విధులు. ఏ దినమున పిలిచినను పోవలెను. ఆ మూడు నియమములలో దేనిని పాటించినను ఊరితో కట్టుబాటు తెగును. తెగినచోట్ల డప్పు వాయింపమని నిరాకరించినవారికి కరణము, మునసబులవలన ఇక్కట్లు కలిగెననియు, బావులు, పనులు మూసివేయబడెననియు ఆ కాలపు వృత్తాంతములలో కనబడుచున్నది. అంగీని, పన్నును, జీతమును గూర్చి యొర్దానుతీరమున యోహాను చెప్పిన సమాధానములు ఒంగోలు పల్లెలలో డప్పు, పశువు, ఆదివారము అను రూపమున వినబడినవి.